సిమెంట్ బస్తాలు పెంచితే స్లాబు బలపడుతుందా?

ప్రశ్న: సార్, మాది విశాఖ సాగర్ నగర్, బీచ్‌కి రెండు వీధుల ఇవతల ఇల్లు కట్టుకుంటున్నాం, వచ్చే వారం మొదటి స్లాబు. మా మేస్త్రి ఒకటికి ఒకటిన్నరకి మూడు కలిపితే చాలు, పాతికేళ్లుగా ఇదే లెక్క అంటున్నాడు. మా మరిది మాత్రం సముద్రం పక్కన కదా వదినా, సిమెంట్ ఇంకా ఎక్కువ వేయించండి, అదేదో కెమికల్ కూడా కలిపించండి అంటున్నాడు. ఎవరి మాట వినాలి?
- ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, మేస్త్రి చెప్పే 1:1½:3 (సిమెంట్, ఇసుక, కంకర) అంటే ఎం20, అంటే 28 రోజులకి చదరపు మిల్లీమీటరుకి 20 న్యూటన్ల బలం వచ్చే కాంక్రీట్. సముద్రానికి దూరంగా, ఎండా వానా పెద్దగా తగలని చోట సరిపోయే గ్రేడు అది, మీ వీధికి చాలదు. కాంక్రీట్ పనులకి మన దేశపు ప్రమాణం ఐఎస్ 456 ప్రకారం సముద్రతీరపు గాలి తగిలే ఆర్‌సీసీకి కనీసం ఎం30 ఉండాలి, ఘనపు మీటరుకి సిమెంట్ 320 కిలోలకి తగ్గకూడదు, నీళ్లు సిమెంట్ బరువులో 0.45 వంతు దాటకూడదు, కడ్డీ మీద కవర్, అంటే దాన్ని కప్పే కాంక్రీట్ మందం, 45 మిల్లీమీటర్లు ఉండాలి. దీన్ని తట్టల లెక్కతో కలపడం కుదరదు, మీ ఇసుకా మీ కంకరా ల్యాబ్‌కి ఇచ్చి మిక్స్ డిజైన్ (ఏది ఎంత కలపాలో తేల్చే లెక్క) చేయించుకోండి, స్లాబు ఒక వారం వెనక్కి జరిగినా పర్లేదు.

మీ మరిది మాట కూడా సగమే నిజం. సిమెంట్ పెంచుకుంటూ పోతే వేడి పెరిగి, ఆరేటప్పుడు కుంచించుకుపోయి సన్న బీటలు వస్తాయి, ఉప్పుగాలికి ఆ దారి చాలు. అసలు బలం నీళ్ల దగ్గర ఉంది, ఈ సంగతి డఫ్ ఏబ్రమ్స్ అనే అమెరికా పరిశోధకుడు 1918లోనే తేల్చి చెప్పాడు. 50 కిలోల బస్తాకి 0.45 చొప్పున ఇరవై రెండున్నర లీటర్లు, అంతే. పార సరిగా ఆడట్లేదని కుర్రాళ్లు ఇంకో పది లీటర్ల బకెట్ కాంక్రీట్ కలిపే మిల్లర్‌లో గుమ్మరించారంటే నిష్పత్తి 0.65 అయిపోయి, మీరు డబ్బు పోసి కొన్న బలంలో మూడో వంతు దాకా అక్కడే పోతుంది, ఎందుకంటే సిమెంట్ గట్టిపడేటప్పుడు పట్టుకునే నీళ్లు దాని బరువులో పావు వంతు చిల్లరే, మిగతాది ఆవిరైపోయి లోపల సన్న సన్న రంధ్రాలు వదిలేస్తుంది. ఇసుక తడిగా ఉందేమో కూడా చూసుకోండి, వంద కిలోల ఇసుకలో 5 శాతం తేమ ఉంటే ఐదు లీటర్లు ముందే లోపలికెళ్లినట్టు, అది తగ్గించి పోయాలి.

కెమికల్ అంటే సూపర్ ప్లాస్టిసైజర్. పీసీఈ (పాలీకార్బాక్సిలేట్ ఈథర్) రకం అయితే 20-30 శాతం నీళ్లు తగ్గించినా కాంక్రీట్ జారుడుగానే ఉంటుంది, అది వాడేది ఆ నీళ్లు తగ్గించడానికే. కెమికల్ వేసి నీళ్లు కూడా మామూలుగా పోస్తే కంకర ఒకవైపు, సిమెంట్ పాలు ఒకవైపు విడిపోతాయి. మోతాదు ట్రయల్ చేశాకే ఖాయం చేయాలి, కళ్లతో చూసి పోయడం కాదు.

సిమెంట్ విషయంలో నా సలహా స్లాగ్ సిమెంట్, బస్తా మీద పీఎస్‌సీ (పోర్ట్‌లాండ్ స్లాగ్ సిమెంట్) అని ఉంటుంది. మన స్టీల్ ప్లాంట్ బ్లాస్ట్ ఫర్నేస్‌లో ఇనుము తీశాక మిగిలే స్లాగ్ లాంటిదే పొడి చేసి కలుపుతారు, ఉప్పుని లోపలికి రానివ్వకపోవడంలో మామూలు సిమెంట్ కంటే చాలా గట్టిది. కాకపోతే మొదటి వారం నెమ్మదిగా బలపడుతుంది, అందుకని సెంట్రింగ్ తొందరపడి విప్పకండి, కట్టలు కట్టి నీళ్లు నిలపడం 10 రోజులకి తగ్గకూడదు, 14 అయితే మంచిది. సముద్రపు నీళ్లు కలపడానికి గానీ తడపడానికి గానీ వద్దు.

కవర్ గురించి ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే, పెదవాల్తేరులో మా ఇంటి సన్‌షేడ్ కింద ముందు ఒక గోధుమరంగు గీత కనిపించింది, వేలితో తడితే డొల్ల చప్పుడు, ఆ తర్వాత ఒక వానాకాలం కంచం అంత పెళ్ల ఊడిపడింది. లోపల కడ్డీ పొరలు పొరలుగా లేచిపోయి ఉంది, దాని మీద సిమెంట్ నా గోరంత మందం కూడా లేదు. పోసిన రోజు కడ్డీల కింద ఒక్కొక్క కవర్ బ్లాక్ (కడ్డీని ఎత్తి ఉంచే చిన్న దిమ్మె) పెట్టి ఉంటే చాలు. స్లాబు పోసే ముందు మీరే స్వయంగా పైకెక్కి బ్లాకులు చూడండి, కాంక్రీట్‌లో గాలి పోగొట్టే వైబ్రేటర్ రెండోది కూడా స్టాండ్‌బైలో ఉంచమనండి, లోపల 5 శాతం గాలి మిగిలిపోయినా బలం 30 శాతం దాకా పడిపోతుంది.

ప్రశ్న: మాది మధురవాడ. రెడీమిక్స్ బండి ట్రాఫిక్‌లో ఆగిపోయి, వచ్చాక డ్రైవర్ డ్రమ్ములోకి పైపుతో నీళ్లు పట్టాడు. ఎం30కి 7 రోజుల క్యూబ్ (పరీక్షకి పోసిన కాంక్రీట్ దిమ్మె) బలం 17 వచ్చింది. పడగొట్టాలా?

జవాబు: వద్దు బాబూ, ఇప్పుడే కాదు. మామూలు సిమెంట్‌కి 7 రోజులకి మూడింట రెండు వంతులు, అంటే 20 దగ్గర రావాలి, స్లాగ్ సిమెంట్ అయితే ఇంకాస్త తక్కువ వచ్చినా తర్వాత పుంజుకుంటుంది. 28వ రోజు క్యూబులు పగలగొట్టేదాకా స్లాబు కింది ప్రాప్‌లు కదపకండి, తడపడం ఆపకండి. అప్పటికీ తక్కువ వస్తే కోర్ టెస్ట్ (స్లాబులోంచి గుండ్రటి ముక్కలు తీసి చేసే పరీక్ష) చేయించండి, ఆ గ్రేడుకి కావలసిన బలంలో కోర్ల సగటు 85 శాతం, ఏ ఒక్కటీ 75 శాతానికి తగ్గకుండా ఉంటే ఐఎస్ 456 ఒప్పుకుంటుంది. అదీ రాకపోతే స్ట్రక్చరల్ ఇంజినీర్‌ని పిలవాల్సిందే. ఈలోగా ఆ బండి చలాన్ దాచండి, ప్లాంట్‌లో నీళ్లు కలిపిన టైము దాని మీద ఉంటుంది. ఇకమీదట బండి రాగానే స్లంప్ (కాంక్రీట్ ఎంత జారుడుగా ఉందో చూసే పరీక్ష) తీయించండి, బిగుసుకుని ఉంటే ప్లాంట్ వాళ్ల మనిషి కెమికల్ డోసు ఇవ్వాలి, పైపు మాత్రం డ్రమ్ము దగ్గరకి రానివ్వకండి.