మాడు అని రాయి

తమ్ముడూ,

నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. నెలలు నిండకుండా పుట్టిన పిల్లల మెదడు స్కానింగ్ గురించి రాయాలనుకోవడం బాగుంది. కానీ మొదటి పేరాలోనే ‘పూర్వ కపాల రంధ్రము’ అన్నావు. మన ఇళ్లలో దాన్ని మాడు అంటారయ్యా. నీళ్లు పోశాక అమ్మమ్మ నూనె అద్దే చోటు. అక్కడ ఎముకలు ఇంకా కలవలేదు కాబట్టే అల్ట్రాసౌండ్ లోపలికి వెళ్తుంది. ఈ ఒక్క ముక్క చెబితే చదివేవాళ్లకు సగం భయం పోతుంది.

ఒక పూట ఎన్ఐసీయూలో, అదే పసికందుల ఐసీయూలో, నిలబడి చూసిరా. బిడ్డను ఎక్కడికీ తీసుకెళ్లరు, మిషనే చక్రాల మీద బిడ్డ దగ్గరికి వస్తుంది. కిలో బరువు పసికందుకు చల్లటి జెల్ తగిలినా ఒళ్లు చల్లబడుతుందని ముందే దాన్ని వెచ్చబెడతారు. ఇలాంటివి నీ వ్యాసంలో ఒక్కటీ లేవు.

‘పలుమార్లు స్కాన్ చేస్తారు’ అని వదిలేశావు. ఎందుకో చెప్పు. 32 వారాల లోపు పుట్టినవాళ్లకు మెదడులోని ద్రవపు గదుల అంచున రక్తనాళాలు మరీ పల్చన. రక్తం కారితే ఎక్కువగా మొదటి 3 రోజుల్లోనే, అందుకని తొలి వారంలో ఒకటి. మెదడు లోపలి నరాల తీగలుండే తెల్ల పదార్థం దెబ్బతింటే, అక్కడ ఏర్పడే నీటిబుడగలు స్కాన్‌లో కనబడడానికి 2 నుంచి 4 వారాలు పడుతుంది, అందుకని మళ్లీ. ‘మొన్నేగా తీశారు, మళ్లీ బిల్లా?’ అనే తండ్రి నీ పాఠకుడే.

ఎమ్మారై గురించి రాసింది బాగానే ఉంది. పాలు పట్టి, గుడ్డలో చుట్టి, చెవులకు శబ్దం తగలకుండా మూసి, చాలాసార్లు మత్తు లేకుండానే తీస్తారని కలుపు.

ఇక గ్రేడ్లు. రక్తస్రావం ఎంత దూరం పాకిందో చెప్పే ఈ 4 గ్రేడ్లు 1978లో న్యూ మెక్సికో డాక్టర్లు పెట్టినవి, అదీ సీటీ స్కాన్లు చూసి. అల్ట్రాసౌండ్‌కు వాడడం తర్వాతి సంగతి. కొత్తలో నేను గ్రేడ్ 1 కేసుకు ‘శిశువు మెదడులో రక్తస్రావం’ అని హెడ్డింగ్ పెట్టాను. మూడో రోజు ఆ తల్లి అన్నయ్య పేపరు పట్టుకుని ఆఫీసుకు వచ్చాడు. ‘మా చెల్లి అన్నం ముట్టడం లేదండీ’ అన్నాడు, అంతే, తిట్టలేదు. గ్రేడ్ 1 అంటే రక్తం ఆ అంచు దాటి గదిలోకి కూడా రాలేదన్నమాట. అలాంటి పిల్లలు చాలామంది బాగానే ఎదుగుతారు. గ్రేడ్ 4 అంటే మెదడు పదార్థంలోనే రక్తస్రావం, దాని తీవ్రత వేరు, దాన్ని దాచొద్దు. అయినా ‘ఈ బిడ్డ నడవదు’ అని ఏ స్కానూ చెప్పదు, నువ్వూ రాయకు.

రెండో పేజీలో ఒక తండ్రి మెట్ల మీద కూర్చుని రిపోర్టులోని మాటలు ఒక్కొక్కటే ఫోన్‌లో వెతుకుతున్నాడే, అక్కడ మొదలుపెట్టు. బుధవారంలోగా పంపితే ఆదివారానికి చూస్తాను.

మీ అన్నయ్య