సిజేరియన్ గాయానికి పిన్నులా, కరిగే కుట్లా, గమ్మా?

ప్రశ్న: నాకు ఎనిమిదో నెల. మొదటి కాన్పు సిజేరియన్, అప్పుడు పైన పిన్నులు కొట్టారు. అవి తీసిన రెండు రోజులకే గాయం ఒక మూల విచ్చుకుని చీము పట్టింది, డ్రెస్సింగ్‌కి తిరగలేక చచ్చాను. ఈసారీ ఆపరేషనే అన్నారు, షుగర్ కూడా వచ్చింది. కరిగే కుట్లు వేయించుకోమని అమ్మ, గమ్ అంటిస్తే అసలు కుట్లే ఉండవని ఆడపడుచు అంటున్నారు. ఏది మంచిది? డాక్టర్‌ని అడిగితే ఏమనుకుంటారోనని టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకురాలు, ఉప్పల్, హైదరాబాద్

జవాబు: మీ అమ్మగారి మాటే సరైనదమ్మా, కరిగే కుట్లే అడగండి.

పిన్నులైతే స్టేప్లర్‌తో టకటకా కొట్టేస్తారు, క్షణాల్లో పని అయిపోతుంది, కానీ కొన్ని రోజులకు ఒక్కొక్కటీ పీకాలి, అప్పటికి చర్మం బాగా అతుక్కోకపోతే మీకు జరిగినట్టే విచ్చుకుంటుంది. కరిగే దారం చీరకి ఫాల్ కుట్టినట్టు చర్మం కిందే ఈ చివర నుంచి ఆ చివరకి నడుస్తుంది, తీయాల్సిన పనే లేదు. ఆపరేషన్ ఓ పది నిమిషాలు ఎక్కువ పట్టొచ్చు, అంతే. అమెరికాలో 746 మంది సిజేరియన్ తల్లుల మీద చేసి 2014లో ప్రచురించిన పరిశోధనలో పిన్నులు వేసినవాళ్లలో 10.6 శాతం మందికి గాయం ఇబ్బంది పెడితే, కుట్లు వేసినవాళ్లలో అది 4.9 శాతమే. తేడా ముఖ్యంగా విచ్చుకోవడంలోనే, మచ్చ మాత్రం రెండింటిలో దాదాపు ఒకేలా ఉంటుంది. దారాల్లోనూ రకాలున్నాయి. పురిపెట్టి అల్లిన వైక్రిల్ కంటే ఒంటి పోగు మోనోక్రిల్‌తో ఇబ్బందులు తక్కువని 2017లో ఇంకో పరిశోధన చెప్పింది.

గమ్ చెడ్డదేం కాదు, కానీ అది అంటించేది పైచర్మాన్నే. గర్భసంచికి, దాని పైన గట్టి పొరకి, కొవ్వు రెండు సెంటీమీటర్లకు మించి ఉంటే దానికీ, దారంతోనే కుట్టాలి. కాబట్టి గమ్ అంటిస్తే కుట్లే ఉండవన్న మాట నిజం కాదు.

ఇక షుగర్ సంగతి, నా దృష్టిలో దారం కంటే ఇదే పెద్దది. షుగర్ అదుపులో లేకపోతే ఎంత మంచి కుట్టు వేసినా చీము పట్టే ప్రమాదం ఉంటుంది, కాబట్టి ఈ నెలంతా అన్నం, స్వీట్ల దగ్గర గట్టిగా ఉండండి, మందులు మానొద్దు. ఇంట్లో మీరే బ్లేడుతో వెంట్రుకలు తీసుకోకండి, సన్నని గాట్ల నుంచే ఇన్ఫెక్షన్ మొదలవుతుంది. యాంటీబయాటిక్ ఇంజెక్షన్ కోత పెట్టకముందే ఇస్తారా అని అడగండి. ఇంటికొచ్చాక గాయం మీద పసుపు, పౌడరు ఎవరు పెట్టమన్నా వద్దు. ఎర్రబడినా, వాచినా, తడిగా కారినా, జ్వరం వచ్చినా ఆ రోజే చూపించుకోండి.

అడగడానికి మొహమాటం ఎందుకమ్మా? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి అరవై కాన్పులు సిజేరియన్లే, ఇంతమందికి కోత పెడుతున్నప్పుడు పైన ఏం వేస్తారో ముందే చెప్పడం ఆస్పత్రి బాధ్యత. ఓటీ టేబుల్ ఎక్కేదాకా ఆగొద్దు, వచ్చే చెకప్‌లోనే పాత గాయం సంగతి చెప్పి, కరిగే కుట్లు కావాలని మీ ఫైల్‌లో రాయించుకోండి.