సరుకుల పుస్తకం పట్టిన చిన్నోడికి

చిన్నోడా,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. వచ్చే నెల నుంచి ఇంటి సరుకుల ఖర్చు నువ్వే చూసుకుంటానని కోడలితో చెప్పావట. ఇప్పుడు అవుతున్నదాంట్లో మూడో వంతు తగ్గించి చూపిస్తానని కూడా అన్నావట. మొదటి మాటకి నాకు కడుపు నిండింది. మా ఇళ్లలో మగపిల్లలెవరూ ఈ పని నెత్తికెత్తుకోవడం నేను చూడలేదు. రెండో మాట విన్నప్పటి నుంచి నిద్ర సరిగ్గా పట్టలేదు. ఫోన్‌లో చెబితే "సరే పెద్దమ్మా, సరే పెద్దమ్మా" అని పెట్టేస్తావు. అందుకే రాస్తున్నాను. ఒక్కసారి కాదు, రెండుసార్లు చదువు.

ఆ మూడో వంతు ఎక్కడి నుంచి తెచ్చావు? మీ ఆఫీసులో ఎవరో తన ఇంట్లో ఇంతే అవుతుందని చెప్పాడట కదా. అతని ఇంట్లో ఎంతమంది తింటారు? ఎవరికి ఏ పథ్యం? అతని జీతం ఎంత? ఇవేవీ తెలియకుండా అతని అంకె తెచ్చి నీ ఇంటికి తగిలిస్తావా? 1857లోనే ఎర్నెస్ట్ ఎంగెల్ అనే జర్మన్ గణాంకవేత్త కుటుంబాల ఖర్చులు పరిశీలించి, ఆదాయం తక్కువైనకొద్దీ అందులో తిండికి పోయే వాటా పెరుగుతుందని తేల్చాడు. మీరు ఇల్లు పెట్టి రెండేళ్లు కూడా కాలేదు. మీ సంపాదనలో తిండి వాటా ఎక్కువగా కనిపిస్తే అది దుబారా అని కంగారు పడకు.

అందుకని మొదటి నెల ఏమీ తగ్గించకు. రాయి, అంతే. పాలు, కూరగాయలు, దారిలో కొన్న పళ్లు, సాయంత్రం తెచ్చిన చిరుతిండి, అన్నీ ఏ రోజువి ఆ రోజే రాయి. సబ్బులు, బట్టల పొడి, చీపుర్లు వేరే పేజీలో రాయి. అవి తిండితో కలిస్తే ఏది ఎందుకు పెరిగిందో ఎప్పటికీ తెలియదు. జపాన్‌లో హాని మోటోకో అనే పత్రికా విలేఖరి 1904లో ఇంటి జమాఖర్చుల పుస్తకం అచ్చు వేయించింది. కకేబో అంటారు దాన్ని. నూట ఇరవై ఏళ్లు దాటినా అక్కడ ఆ పద్ధతి ఇంకా నడుస్తోంది. ఫోన్‌లో యాప్ ఉంది కదా పెద్దమ్మా అంటావేమో. ఉంచుకో. కానీ చేత్తో రాసిన అంకె ముందు మనసు కాసేపు ఆగుతుంది. నాకు ఆ ఆగడమే కావాలి.

నెల అంటే నాలుగు వారాలనుకుని డబ్బుని నాలుగు భాగాలు చేయకు. ఏడాదికి 52 వారాలు. నెలకి నాలుగు చొప్పున వేసుకుంటే 48 మాత్రమే వస్తాయి. మిగిలిన నాలుగు వారాలు ఏం తింటారు? నెల చివర చేతులు ఖాళీ అయ్యేది చాలాసార్లు ఇక్కడే. మొత్తాన్ని ముప్పైతో భాగించి ఏడుతో హెచ్చవేయి, అది ఒక వారం డబ్బు. అలాంటివి నాలుగు కవర్లు పెట్టు. మిగిలిన రెండు రోజుల డబ్బు ఐదో కవర్లో పెట్టి నెలాఖరు దాకా దాన్ని ముట్టుకోకు. ఏడాదికోసారి కొనే సరుకులు ఏమైనా ఉంటే వాటికి పన్నెండో వంతు ప్రతి నెలా పక్కన పెట్టు.

ఇంట్లో ఏముందో చూసుకుని చీటీ రాసుకుని వెళ్లు. ఆకలితో వెళ్లకు. పెద్ద ప్యాకెట్ చవక అని నమ్మకు, వంద గ్రాములకి ఎంత పడిందో లెక్క కట్టు. పాత ధరకే అమ్ముతూ లోపల బరువు తగ్గించే ప్యాకెట్లు కూడా ఉంటాయి, కాబట్టి ధరతో పాటు బరువూ చదువు. ఇవన్నీ నీకు తెలిసినవే.

తెలియనిది ఒకటి చెబుతాను. పెద్ద షాపుల్లో తోసుకెళ్లే చక్రాల బండి ఉంది చూడు, దాన్ని 1937లో అమెరికాలోని ఓక్లహోమా సిటీలో సిల్వన్ గోల్డ్‌మన్ అనే దుకాణదారు పెట్టాడు. చేతిలో బుట్ట బరువెక్కగానే జనం కొనడం ఆపేస్తున్నారని అతను గమనించాడు. చెయ్యి నొప్పి పుట్టి "ఇక చాలు" అంటుంటే, ఆ మాట వినపడకుండా చేశాడన్నమాట. నువ్వు బుట్టే పట్టుకో. ఫోన్‌లో ఆర్డర్ పెట్టేటప్పుడైతే బరువన్నదే లేదు. డెలివరీ ఉచితం కావాలంటే ఇంకొంచెం కొనండి అని చూపిస్తుందే, అక్కడ అక్కర్లేని వస్తువు వెతక్కు. చీటీలో లేనిది కొనాలనిపిస్తే ఒక రాత్రి ఆగు.

ఇక తగ్గించడం గురించి. ముందు చెత్తబుట్టలో తగ్గించు. 2022లో ప్రపంచం మొత్తం మీద 105 కోట్ల టన్నుల తిండి వృథా అయిందని ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం లెక్క కట్టింది. అందులో 60 శాతం పోయింది ఇళ్ల నుంచే. హోటళ్లూ షాపులూ కలిపినా మన వంటిళ్ల తర్వాతే. మీ అమ్మ మొన్న మీ ఇంటికి వచ్చినప్పుడు ఫ్రిజ్ వెనక అరలో కుళ్లిన కూరగాయలు రెండు సంచులు తీసిందట. కోపం తెచ్చుకోకు, నాకు చెప్పకుండా ఉండలేకపోయింది. వారానికి ఒక రోజు ఏమీ కొనకుండా ఇంట్లో ఉన్నదాంతోనే వండండి. ఇంకోటి, ప్యాకెట్ మీద "బెస్ట్ బిఫోర్" అని ఉంటే అది రుచికీ తాజాదనానికీ పెట్టిన తేదీ. "యూజ్ బై" అని ఉంటే ఆరోగ్యానికి పెట్టిన తేదీ. మొదటిది దాటితే చూసి, వాసన చూసి నిర్ణయించుకో. రెండోది దాటితే పారేయి, అక్కడ పొదుపు చూడకు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఇది మీ అమ్మకి కూడా పూర్తిగా తెలియదు.

పెళ్లయిన ఏడో ఏడు సరుకుల డబ్బు నా చేతికొచ్చింది. ఇంత మొత్తంలో నెల గడుపుతానని మీ పెదనాన్నకి నేనే మాటిచ్చాను. ఎవరూ అడగలేదు. నీలాగే నాకు నేనుగా ఒక అంకె అనుకుని గట్టిగా చెప్పేశాను. రెండు నెలలు బాగానే గడిచింది. పుస్తకం ముత్యాల్లాంటి అక్షరాలతో రాశాను. మూడో నెలలో చుట్టాలొచ్చి పది రోజులున్నారు. ఇరవై రెండో తారీఖుకి డబ్బు అయిపోయింది.

ఆ రోజు మీ పెదనాన్నకి చెప్పి ఉంటే అరగంటలో తేలిపోయేది. చెప్పలేదు. మాటిచ్చాను కదా అన్న పట్టుదల. కొట్టు ఆయన దగ్గర ఖాతా పెట్టించి అరువు తెచ్చాను. పుస్తకంలో మాత్రం అనుకున్న అంకె దగ్గరే గీత గీసి కూడేశాను. వచ్చే నెల సర్దేస్తాను, ఎవరికీ తెలియక్కర్లేదు అనుకున్నాను.

వచ్చే నెల ఏమైందో తెలుసా? ఒకటో తారీఖున ముందు పాత బాకీలో కొంత కట్టాను. దాంతో ఆ నెల డబ్బు పదిహేడుకే అయిపోయింది. ఆ తర్వాతి నెల పన్నెండుకి. బాకీ తీరకపోగా ఖాళీ రోజులు నెల మొదటికి జరుగుతూ వచ్చాయి. నేను పాలు తాగడం మానేశాను. రాత్రిపూట ఆకలి లేదని చెప్పేదాన్ని. పుస్తకం మాత్రం నెల నెలా సరిగ్గా అదే అంకె చూపించేది. మీ పెదనాన్న దాన్ని మురిపెంగా వాళ్ల తమ్ముడికి చూపించారు. నేను వంటగదిలో నిలబడి విన్నాను. ఆ పొగడ్త వింటుంటే గొంతులో ముల్లు దిగినట్టు ఉండేది.

ఆయన నా పుస్తకాన్ని నమ్మారు. సరుకులకి ఇంతకు మించి కాదని ధైర్యంగా మిగతా డబ్బు లెక్క వేసుకుని, ఇంటి కోసం అప్పు తీసుకుని వాయిదాలు ఒప్పుకున్నారు. నా అబద్ధం మీద ఇంకొకరు ఇల్లు కట్టుకుంటున్నారని అప్పుడు తెలిసింది నాకు. అయినా నోరు విప్పలేదు.

మీ పెద్దన్నయ్యకి అప్పుడు ఆరేళ్లు. ఒక సాయంత్రం ఉప్పు తెమ్మని కొట్టుకి పంపాను. కొట్టు ఆయన బాకీ మొత్తం రాసిన చీటీ వాడి చేతికిచ్చాడు. వాడు వచ్చేసరికి మీ పెదనాన్న గుమ్మంలో ఉన్నారు. "చేతిలో ఏమిట్రా?" అని అడిగారు. వాడు నా ముఖం చూశాడు. చీటీని గుప్పిట్లో నలిపి వెనక్కి పెట్టుకుని, "ఏం లేదు నాన్నా" అన్నాడు.

నేను వాడికి ఎప్పుడూ దాచమని చెప్పలేదు. నన్ను చూసి నేర్చుకున్నాడు.

ఆ రాత్రి అంతా చెప్పేశాను. మీ పెదనాన్న అరుస్తారనుకున్నాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత నా పుస్తకం తీసుకుని, నేను గీసిన గీత కింద తన చేత్తో "బాకీ" అని రాసి, మొత్తం వేసి, తేదీ వేశారు. "ఇంకేమైనా ఉందా?" అని అడిగారు. లేదన్నాను. "అయితే పడుకో" అన్నారు. అది తీరడానికి పదకొండు నెలలు పట్టింది. ఆ పుస్తకం ఇప్పటికీ నా పెట్టెలో ఉంది. నా అందమైన అక్షరాల కింద ఆయన వంకర రాత.

నీకెందుకు చెబుతున్నానో ఈపాటికి అర్థమయ్యే ఉంటుంది. నీకు తొమ్మిదేళ్లప్పుడు సెలవులకి మా ఇంటికొచ్చావు. కొట్టుకి పంపిస్తే చిల్లర ఎక్కడో పారేసుకున్నావు. చీకటి పడినా ఇంటికి రాలేదు. ఊరంతా వెతికాం. చివరికి నీళ్ల ట్యాంకు వెనక మోకాళ్ల మీద తల పెట్టుకుని కూర్చుని ఉన్నావు. ఎత్తుకుంటే ఒళ్లంతా వణుకుతోంది. ఆ రెండు నాణేల కోసం నిన్ను ఎవరు కొడతారనుకున్నావురా? నీ ముఖం తల్చుకుంటే ఇప్పటికీ నా గుండె జారుతుంది. మూడో వంతు తగ్గిస్తానని మాటిచ్చిన పెద్దవాడిలో నాకు ఆ పిల్లాడే కనిపిస్తున్నాడు.

అందుకని ఇవి మాత్రం నా మాటగా చెయ్యి. పుస్తకంలో చివరి గడికి "దాటింది" అని పేరు పెట్టు. దాటిన రోజు ఎంత, ఎందుకు అని అక్కడ రాయి. మొత్తంలో పదో వంతు చుట్టాలకీ, జ్వరాలకీ, ధరలు పెరిగిన వారానికీ ముందే తీసి పెట్టు. వాడకపోతే వచ్చే నెలకి కలుపుకో. అరువు తెస్తే, కార్డు మీద కొంటే అది కొన్న రోజే ఖర్చు రాయి, కట్టిన రోజు కాదు. వారానికోసారి కోడలి పక్కన కూర్చుని పేజీ చూపించు. తనేమైనా అంటే వాదించకు, విను. ఆ ఇంట్లో తింటున్నది తను కూడా.

మూడో వంతు సంగతి ఇప్పుడు మర్చిపో. రెండో నెలలో ఇరవయ్యో వంతు తగ్గితే చాలు, నేను సంతోషిస్తాను. అది పారేసే కూరగాయల్లోంచే వస్తుంది. నీ పాలు తగ్గించావని, రాత్రిపూట ఆకలి లేదంటున్నావని తెలిసిందో, నేను బస్సెక్కి వచ్చేస్తాను. నీ పక్కన కూర్చుని తినిపించి వెళ్తాను.

నెలాఖరున మొదటి నెల పేజీలు ఫొటో తీసి పంపు. కొట్టివేతలూ ఉండాలి. మళ్లీ శుభ్రంగా రాసి పంపావంటే నాకు తెలిసిపోతుంది.

కోడలికి నా ముద్దులు చెప్పు.

మీ పెద్దమ్మ

తా.క.: పప్పులు, పిండి అయిపోకముందే కొత్తవి తెచ్చి పాతవాటి మీద పోసేస్తావని మీ అమ్మ చెప్పింది. అలా చేస్తే అడుగున ఉన్నవి నెలల తరబడి అక్కడే ఉండి పురుగు పడతాయి, ఆ పురుగు కొత్తవాటికీ పాకుతుంది. డబ్బా ఖాళీ చేసి, కడిగి, తడి లేకుండా ఎండబెట్టి, కొత్తవి అడుగున పోసి పాతవి పైన వెయ్యి.