ఊపిరితిత్తుల ఫంగస్‌కు టీకా ఎందుకు లేదు?

చెన్నైలో కిడ్నీ మార్పిడికి సిద్ధమవుతున్న మీ బాబాయిగారికి ఆస్పర్‌జిల్లస్ (ఊపిరితిత్తులకు సోకే ఒక ఫంగస్) రాకుండా టీకా ఉందా అని అడిగారు. మనుషులకు వేయడానికి అనుమతి పొందిన ఫంగస్ టీకా ప్రపంచంలో ఇంకా ఒక్కటీ లేదండీ.

ఫంగస్ కణం బ్యాక్టీరియా కన్నా మన కణాలకే దగ్గర. అందుకని దాన్ని మాత్రమే పట్టించే ప్రోటీన్ దొరకడం కష్టం. అంతకన్నా పెద్ద చిక్కు, టీకా ఎక్కువగా అవసరమయ్యే మీ బాబాయిగారిలాంటివాళ్లకు, కొత్త అవయవాన్ని శరీరం తిరస్కరించకుండా, రోగనిరోధక శక్తిని మందులతో తగ్గించి ఉంచుతారు. టీకాకు స్పందించాల్సింది ఆ శక్తే కదా! మార్పిడికి ముందే వేయగలిగే టీకా రావాలన్నది నా గట్టి అభిప్రాయం.

అమెరికాలో జార్జియా విశ్వవిద్యాలయం చేసిన ఎన్‌ఎక్స్‌టీ-2 టీకా జంతువుల్లో ఆస్పర్‌జిల్లస్, కాండిడా, న్యుమోసిస్టిస్ అనే మూడు రకాల ఫంగస్‌ల నుంచీ రక్షణ ఇచ్చిందని 2022లో ప్రచురించారు. ఈలోగా ఆపరేషన్ అయ్యాక మీ బాబాయిగారిని ఆస్పర్‌జిల్లస్ ఉండే కూల్చివేత దుమ్ముకు, పూలకుండీల మట్టికి దూరంగా ఉంచండి. జ్వరమొస్తే ఆగకుండా డాక్టరుకు చూపించండి.