శిక్షణ దేనిలో ఇవ్వాలో తేల్చేది ఎవరు?

పాఠకుల ప్రశ్నలు – సమాధానాలు

ప్రశ్న: మా మేనల్లుడు అమెరికాలో ఒక కర్మాగారంలో పనిచేస్తున్నాడు. దాని యజమాని ఆ రాష్ట్రపు వర్క్‌ఫోర్స్ డెవలప్‌మెంట్ బోర్డులో సభ్యుడట. యువతకు ఏ పనిలో శిక్షణ ఇప్పించాలో ఆ బోర్డే తేలుస్తుందని వాడు చెప్పాడు. పని ఇచ్చేవాడి చేతిలోనే ప్రభుత్వ సొమ్ము పెట్టడం క్షేమమేనా? అసలు ఆ బోర్డు ఎలా నడుస్తుంది? – ఒక పాఠకురాలు, రణస్థలం, శ్రీకాకుళం జిల్లా

సమాధానం: అమ్మా, మీ అనుమానం న్యాయమైనది. ఈ బోర్డుల చట్టం రాసినవారికీ అదే అనుమానం వచ్చింది కనుకనే అందుకు కట్టుబాట్లు కూడా అందులోనే రాశారు. 1998 నాటి పాత చట్టం స్థానంలో వచ్చిన వర్క్‌ఫోర్స్ ఇన్నోవేషన్ అండ్ ఆపర్చునిటీ యాక్ట్ మీద అధ్యక్షుడు బరాక్ ఒబామా 2014 జులైలో సంతకం చేశారు. ఈ బోర్డులకు ఆధారం ఆ చట్టమే. బోర్డును నియమించేది రాష్ట్ర గవర్నర్. అక్కడి గవర్నర్ ప్రజలు ఎన్నుకున్న కార్యనిర్వాహక అధిపతి కనుక, మన ముఖ్యమంత్రి స్థానాన్ని ఊహించుకుంటే విషయం తేలికగా అర్థమవుతుంది.

సభ్యులలో సగానికి మించి వ్యాపార, పరిశ్రమల ప్రతినిధులే ఉండాలి. వారు పేరుకు వచ్చి కూర్చునేవారు కాకుండా యజమానులో, ఉద్యోగాలలోకి తీసుకునే అధికారం ఉన్నవారో అయి ఉండాలి. అధ్యక్షుణ్ణి కూడా గవర్నర్ వారిలోనుంచే ఎంచుతారు. 20 శాతానికి తగ్గకుండా కార్మికుల పక్షం వారు ఉండాలి. అందులో కార్మిక సంఘాల ప్రతినిధులు, అప్రెంటిస్‌షిప్ (పనిచేస్తూ నేర్చుకునే శిక్షణ) నడిపేవారు తప్పనిసరి. మిగిలిన స్థానాలలో గవర్నర్, శాసనసభ్యులు, సంబంధిత శాఖల అధికారులు, స్థానిక ఎన్నికైన నాయకులు ఉంటారు. పైడిభీమవరంలోని మందుల పరిశ్రమల యజమానులు, అక్కడి కార్మిక సంఘాల నాయకులు, ఐటీఐ చదువు బాధ్యత చూసే అధికారులు ఒకే బల్ల చుట్టూ కూర్చున్నారనుకోండి. ఆ అమరిక దాదాపు అలాంటిది.

ఇక మీ అసలు ప్రశ్న. ఒక సభ్యుడు గానీ, అతడు ప్రాతినిధ్యం వహించే సంస్థ గానీ అందించే సేవల గురించి బోర్డు నిర్ణయం తీసుకునేటప్పుడు ఆ సభ్యుడు ఓటు వేయకూడదు. తనకు గానీ, తన దగ్గరి కుటుంబానికి గానీ నేరుగా ఆర్థిక లాభం కలిగించే విషయంలోనూ అంతే. సమావేశాలు బహిరంగంగా జరగాలి. సభ్యుల పేర్లు, రాష్ట్ర ప్రణాళిక ప్రజలకు అందుబాటులో ఉండాలి. అడిగినవారికి సమావేశపు మినిట్స్, అంటే చర్చల, నిర్ణయాల నమోదు, ఇవ్వాలి. నా దృష్టిలో యజమానులకు ఆధిక్యం ఇవ్వడాన్ని సహించదగినదిగా చేసేవి ఈ రెండు కట్టుబాట్లే. వీటిలో ఏ ఒక్కటి తీసేసినా మీ భయమే నిజమవుతుంది.

మరొక సంగతి కూడా గమనించాలి. బోర్డు స్వయంగా శిక్షణ ఇవ్వదు, చాలా విషయాలలో తుది సంతకమూ దానిది కాదు. గవర్నర్‌కు సహాయపడడమే దాని విధి అని చట్టం చెబుతుంది. నాలుగేళ్ల రాష్ట్ర ప్రణాళిక తయారు చేయడం, రెండేళ్లకొకసారి దానిని సవరించడం, స్థానిక ప్రాంతాలకు నిధులు ఏ లెక్కన పంచాలో సూచించడం, ఫలితాలను సమీక్షించడం దాని ముఖ్యమైన పనులు. ముసాయిదా మీద ప్రజల అభిప్రాయాలు తీసుకున్న తరువాతే ప్రణాళిక కేంద్ర ప్రభుత్వ ఆమోదానికి వెళుతుంది. పెద్దలకు, యువతకు కేటాయించిన నిధులలో 15 శాతానికి మించకుండా రాష్ట్ర స్థాయి కార్యక్రమాలకు అట్టిపెట్టి, మిగిలినది రాష్ట్రంలోని ఆయా ప్రాంతాలకు ఉండే స్థానిక బోర్డులకు పంపాలి. కనుక ఫలానా ఊరిలో ఫలానా పని నేర్పించాలన్న నిర్ణయం చాలావరకు ఆ ప్రాంతపు బోర్డు దగ్గరే జరుగుతుంది.

ప్రశ్న: శిక్షణ వల్ల మేలు జరిగిందో లేదో ఆ బోర్డుకు ఎలా తెలుస్తుంది? – ఒక ఐటీఐ విద్యార్థి తండ్రి, బొబ్బిలి

సమాధానం: ఎందరికి సర్టిఫికెట్ వచ్చిందన్న లెక్కతో వారు ఆగరు. శిక్షణ ముగిసిన తరువాత రెండో త్రైమాసికంలో ఆ వ్యక్తి పనిలో ఉన్నాడా, నాలుగో త్రైమాసికంలోనూ ఉన్నాడా అని చూస్తారు. రెండో త్రైమాసికంలో వచ్చిన సంపాదనలో మధ్యస్థం, అంటే అందరి సంపాదననూ వరుసగా పేర్చితే నడుమ వచ్చేది, ఎంత అన్నది మూడో కొలత. అర్హత పత్రం పొందడం, చదువులో నైపుణ్యం పెరగడం, యజమానులకు ఉపయోగపడడం మిగిలిన మూడు. ఉద్యోగం, సంపాదనల లెక్క శిక్షణ సంస్థ నోటిమాట మీద ఆధారపడకుండా, నిరుద్యోగ బీమా కోసం యజమానులు ప్రభుత్వానికి ఇచ్చే వేతన వివరాల నుంచి ప్రధానంగా తీస్తారు. నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచింది ఇదే. శిక్షణ ఇచ్చినవాడే ఉద్యోగాల లెక్క కూడా రాస్తే ఆ లెక్కను ఎవరు నమ్ముతారు?

అయినా ఈ ఆరు కొలతలూ ఒక ప్రశ్నను అడగవు. ఆ పని ఇంటికి దగ్గరలో దొరికిందా, ఊరు విడిచి వెళితే దొరికిందా అన్నది వాటిలో కనబడదు. తీరప్రాంతపు మత్స్యకారులు వేట కోసం గుజరాత్‌లోని వేరావల్ దాకా వలస వెళ్లే మన శ్రీకాకుళం జిల్లాకు ఇది చిన్న లోటు కాదు. మూలపేట ఓడరేవు, భోగాపురం విమానాశ్రయం వంటి చోట్ల రాబోయే పనులకు ఇక్కడి పిల్లలను సిద్ధం చేయాలనుకునేవారు ఏడో కొలతగా దీనిని చేర్చుకోవాలని నా గట్టి అభిప్రాయం.

ప్రశ్న: మన జిల్లాలలో ఇలాంటి బోర్డు లేదా? – ఒక పాఠకుడు, రాజాం

సమాధానం: సరిగ్గా అలాంటిది లేదు. కేంద్ర నైపుణ్యాభివృద్ధి మంత్రిత్వ శాఖ ప్రపంచ బ్యాంకు రుణంతో చేపట్టిన సంకల్ప్ పథకంలో భాగంగా, కలెక్టర్ అధ్యక్షతన జిల్లా నైపుణ్య కమిటీ, దాని చేత తయారయ్యే జిల్లా నైపుణ్యాభివృద్ధి ప్రణాళిక అన్న ఏర్పాటు ఉంది. మీ రాజాం 2022 ఏప్రిల్‌లో శ్రీకాకుళం నుంచి విజయనగరం జిల్లాకు మారింది కనుక, అంతకుముందు లెక్కలతో రాసిన ఏ ప్రణాళికైనా రెండు జిల్లాలకూ సరిపోదు. సమాచార హక్కు చట్టం, 2005 కింద కలెక్టర్ కార్యాలయంలోని ప్రజా సమాచార అధికారికి దరఖాస్తు చేసి మూడు విషయాలు అడగండి: కమిటీ సభ్యులు ఎవరు, వారిలో పరిశ్రమల నుంచీ కార్మికుల నుంచీ ఎందరు ఉన్నారు, గత రెండు సమావేశాల మినిట్స్ ఏమిటి. రుసుము పది రూపాయలు. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారికి అదీ లేదు. 30 రోజులలో సమాధానం రావాలి. వచ్చిన కాగితాల నకలు మాకు పంపితే ఈ శీర్షికలోనే చర్చిద్దాం.