క్యాంపులు పెట్టడం వచ్చు, నెలనెలా రావడం రాదు

ప్రశ్న: ఇంత వేగంగా ఎదుగుతున్న మన దేశానికి ప్రజారోగ్యంలో అన్నిటికన్నా పెద్ద సవాలు ఏది? కాలుష్యమా, డాక్టర్ల కొరతా, అంటువ్యాధులా?

నన్నడిగితే ఆ మూడూ కాదు. బీపీ మాత్ర. ఇంకా సూటిగా చెప్పాలంటే, వేసుకుంటూ వేసుకుంటూ మానేసిన బీపీ మాత్ర. నవ్వుకోండి, ఏం పర్లేదు. నేను డాక్టర్ని కాదు, హైదరాబాద్‌లో షాపులకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ అమ్ముకునే మనిషిని. కానీ ఈ ఒక్క విషయంలో మాత్రం ఎంత పెద్ద డిగ్రీ ఉన్నవాళ్ళతోనైనా వాదనకు సిద్ధం.

మా నాన్న ఆర్టీసీ డ్రైవరు. మాది నరసరావుపేట దగ్గర పల్లె. వినుకొండ, మార్కాపురం మీదుగా శ్రీశైలం సర్వీసు ఏళ్ళ తరబడి తోలాడు. దోర్నాల దాటాక ఘాట్ మలుపుల్లో ప్రయాణికులు దేవుణ్ణి తలుచుకుంటుంటే ఈయన మాత్రం కండక్టరుతో శనగల రేటు గురించి మాట్లాడేవాడట. ముప్పై ఏళ్ళ సర్వీసులో ఒక్క యాక్సిడెంటు లేదు. ఆ మాట ఇప్పటికీ ఇంటికొచ్చిన ప్రతివాడికీ చెబుతాడు.

యాభై దాటాక డ్రైవర్లకు చేసే మెడికల్ పరీక్షలో బీపీ ఉందని తేలింది. మాత్ర రాశారు. పదేళ్ళు ఒక్కరోజు తప్పకుండా వేసుకున్నాడు. ఒంటి మీద శ్రద్ధతో అనుకునేరు. మెడికల్‌లో ఫెయిలైతే స్టీరింగ్ మీంచి దించేస్తారని భయం. అంతే. రిటైరయ్యాడు, దండలు, శాలువా, గోడ గడియారం అన్నీ అయ్యాయి. ఆ నెల తెచ్చుకున్న మాత్రలు అయిపోకముందే మానేశాడు. స్టీరింగ్ కోసం వేసుకున్న మాత్ర స్టీరింగ్‌తోనే పోయింది.

మాకు తెలియదా అంటే తెలుసు. ఫోన్‌లో అడిగితే "బాగానే ఉందిరా, ఇంజను చప్పుడు చేస్తే అప్పుడు చూద్దాం" అనేవాడు. "డిపోలో చప్పుడొచ్చేదాకా ఆగుతారా నాన్నా, బండి బాగున్నా షెడ్యూల్ ప్రకారం నూనె మారుస్తారుగా" అని నేను. "అది గవర్నమెంటు బండిరా, ఇది నా బండి" అని ఆయన. ఇక నవ్వేసి ఫోన్ అమ్మకిచ్చేవాడు. నేనూ నవ్వేవాణ్ణి. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పుడు నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

రిటైరైన మూడో ఏడు, డిసెంబరు నెల. పొద్దున్న అయిదున్నరకి అమ్మ టీ గ్లాసు ఇచ్చింది. కుడిచేత్తో అందుకున్నాడు, గ్లాసు జారిపోయింది. కోప్పడబోయి ఏదో అన్నాడట, మాట ముద్దగా వచ్చింది. మూతి ఒక పక్కకు లాగేసింది. అమ్మ చలిగాలికి అనుకుంది. పక్కింటి పెద్దమ్మ వచ్చి "గాలి సోకిందే" అంది. ఆరుంబావుకి ఊళ్ళో ఆర్‌ఎంపీ వచ్చాడు. వస్తూనే సెలైన్ పెట్టాడు. మన దగ్గర జ్వరమొచ్చినా, నీరసమొచ్చినా, కోడలు అలిగినా సెలైనే కదా! అది చుక్కా చుక్కా ఎక్కేసరికి ఎనిమిదయింది.

ఈలోగా మా బాబాయ్ బండేసుకుని పావురం కోసం తిరుగుతున్నాడు. పక్షవాతానికి పావురం రక్తం రాస్తే వేడికి నరాలు కదులుతాయని మా వైపు గట్టి నమ్మకం. తొమ్మిదింటికి తెచ్చాడు. కోశారు, కుడిచెయ్యికీ కాలికీ పూసి దుప్పటి కప్పారు. నాకు ఫోన్ వచ్చింది అప్పుడే. "నాన్నకి కొంచెం బాగాలేదు, నువ్వేం కంగారుపడకు" అంది అమ్మ. మా అమ్మ "కొంచెం" అందంటే ఎంతో నాకు తెలుసు. 108కి చెయ్యమంటే "అది యాక్సిడెంట్లకి కదరా" అంది. 2005లో మొదలైన బండి, చిన్నపిల్లాడు కూడా నంబరు చెబుతాడు, కానీ అది ఇంట్లో టీ గ్లాసు జారినవాడి కోసం కూడా వస్తుందని మా ఇంట్లో ఎవరికీ తట్టలేదు. చివరికి మా పెదనాన్న కొడుకు కారు తీసుకొచ్చాడు. గుంటూరులో ఆస్పత్రి గుమ్మం ఎక్కేసరికి పదకొండూ ఇరవై.

స్ట్రెచర్ మీద పడుకోబెట్టి దుప్పటి తీసిన నర్సమ్మ చెయ్యంతా ఎండిన రక్తం చూసి యాక్సిడెంట్ కేసనుకుంది. "ఎక్కడ తెగింది? గాయం ఏదీ?" అని భుజం నుంచి వేళ్ళదాకా తడుముతోంది. చుట్టూ ఉన్న మావాళ్ళు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారట. చివరికి బాబాయే "అది ఆయనది కాదమ్మా, పావురానిది" అన్నాడు. ఆవిడ ఏమీ అనకుండా దూది తడిపి తుడవడం మొదలుపెట్టిందట. అంటే బాగుండేదిరా, అంటాడు బాబాయ్ ఇప్పటికీ.

బీపీ 210 మీద 120. సీటీ స్కాన్ తీశారు. మెదడులో రక్తనాళం పూడుకుపోయింది. డాక్టర్ అడిగిన మొదటి మాట, "ఎన్నింటికి మొదలైంది?" రెండో మాట, "ఇప్పటిదాకా ఏం చేశారు?" ఇలా గడ్డ అడ్డుపడిన కేసుల్లో దాన్ని కరిగించే ఇంజెక్షన్ ఉంది, కానీ మొదలైన నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలి. మావాళ్ళు ఆరు గంటలు తీసుకున్నారు. ఆ ఆరు గంటలూ ఎవరూ ఖాళీగా కూర్చోలేదు, అది చూడండి. అందరూ పరిగెత్తారు. పావురం కోసం పరిగెత్తారు.

రాత్రికి నేను చేరాను. ఐసీయూ బయట కూర్చోబెడితే ఊపిరాడక, బట్టలు తెస్తానని ఊరికెళ్ళాను. బీరువాలో ఆయన ఖాకీ చొక్కా హ్యాంగర్‌కి అలాగే ఉంది. జేబులో ఏదో గరగరమంది. తీసి చూస్తే మాత్రల స్ట్రిప్. పదింట్లో నాలుగు వాడాడు, ఆరున్నాయి. ఎక్స్‌పైరీ తేదీ దాటి చాన్నాళ్ళయింది. అమ్లోడిపిన్, 5 ఎంజీ. ఇప్పుడు నేను జనౌషధి దుకాణంలో కొంటున్నాను, పది మాత్రలు పది రూపాయల్లోపే. ఆస్పత్రి బిల్లు ఎంతయిందో ఇక్కడ రాయను. ఎకరం పొలం ఉండేది, ఇప్పుడు లేదు, అంతవరకు చాలు.

ఇక మీ ప్రశ్న దగ్గరకొస్తాను. లేదా దాని చుట్టుపక్కలకి.

మన దేశం గురించి నేను ఒకటి గమనించాను. ఒక్కసారి చేసి అయిపోయే పనైతే మనల్ని కొట్టేవాడు లేడు. పోలియో చూడండి. అంత జనాభాలో, ఇల్లిల్లూ తిరిగి, బస్టాండుల్లో, రైళ్ళలో పట్టుకుని మరీ చుక్కలు వేశారు. చివరి కేసు 2011 జనవరిలో వచ్చింది, 2014 మార్చిలో దేశానికి పోలియో లేదని సర్టిఫికెట్ ఇచ్చారు. కోవిడ్ టీకాలు 2021 అక్టోబరుకే 100 కోట్ల డోసులు దాటించాం. టెంటు వెయ్యి, బ్యానరు కట్టు, మైకు పెట్టు అంటే మన ప్రాణం లేచొస్తుంది. కానీ ఒకే మనిషి దగ్గరకి ఒకే మాత్ర పట్టుకుని నెలనెలా, ముప్పై ఏళ్ళు వెళ్ళాలంటే? అందులో బ్యానరు లేదు. ఫొటో లేదు. ప్రారంభోత్సవం లేదు. అందుకే అది జరగదు.

పైగా ఇది చిన్న గుంపు కాదు. 2023లో వచ్చిన ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) సర్వే ప్రకారం దేశంలో సుగరున్నవాళ్ళు 10.1 కోట్లు. పెద్దవాళ్ళలో మూడోవంతు మందికి పైగా బీపీ ఉంది. మన దేశంలో పది మంది పోతే అందులో ఆరుగురు గుండె, పక్షవాతం, సుగరు, క్యాన్సరు, ఊపిరితిత్తుల జబ్బుల్లాంటి అంటని రోగాలతోనే పోతున్నారు. అంటే మనం ఇంకా కలరా రోజుల్లో ఉన్నట్టు గంభీరంగా అంటువ్యాధుల గురించి మాట్లాడుకుంటుంటే, చంపేది మాత్రం ఇంట్లో కుర్చీ వేసుక్కూర్చుంది. (దోమలు లేవని కాదు. మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో పెంచుతున్నాం. దాని గురించి వేరే ప్రశ్న వెయ్యండి, అప్పుడు తిడతాను.)

ఇంకో మంట ఏంటంటే, గుండెకి స్టెంటు వెయ్యాలంటే సర్కారు డబ్బిస్తుంది. ఆరోగ్యశ్రీ 2007లో వచ్చింది, ఎందరినో నిలబెట్టింది, నేను కాదనను, మా మేనత్త బతికింది దానివల్లే. 2023 డిసెంబరులో తెలంగాణలో పరిమితి 10 లక్షలు చేశారు, ఆంధ్రాలో 25 లక్షలు చేశారు. పోటీ పడి పెంచారు. స్టెంటు దాకా రాకుండా ఆపే రూపాయి మాత్ర దగ్గర మాత్రం పోటీ ఎవరిదీ కనపడదు. ఓటు కూడా స్టెంటుకే పడుతుంది లెండి. రాని పక్షవాతానికి ఎవరైనా దణ్ణం పెడతారా?

చెయ్యడం రాదా అంటే వచ్చు. 2017లో బీపీ అదుపు కోసమే ఒక జాతీయ కార్యక్రమం మొదలైంది, తొలి విడత రాష్ట్రాల్లో తెలంగాణ కూడా ఉంది. అందులో బ్రహ్మవిద్య ఏమీ లేదు. అందరికీ ఒకే వరసలో మందు, అదీ అమ్లోడిపిన్‌తో మొదలు, ఒకేసారి నెలకి సరిపడా మాత్రలు, ఇంటికి దగ్గర్లో ఇవ్వడం, రానివాణ్ణి వెతకడం. ఆ చివరిది ఉంది చూశారూ, రానివాణ్ణి వెతకడం, మా నాన్నకి కావలసింది అదొక్కటే. వెతికితే దొరికేవాడు. రోజూ అరుగు మీదే కూర్చునేవాడు.

మా ఊళ్ళో ఆశా కార్యకర్త వచ్చింది కూడా. ఫోన్ చూసి వయసెంత, బీపీ ఉందా అని అడిగిందట. "నాకేం లేదమ్మాయ్, ఇనుము" అన్నాడు ఈయన. "సరే బాబాయ్‌గారూ" అని లేదని కొట్టేసుకుని పోయింది. ఆమె తప్పు అనను. ఊరంతటికీ ఆమే గర్భిణులు, ఆమే టీబీ, ఆమే కుష్టు సర్వే, పైగా సిగ్నల్ అందని ఫోన్‌లో తెరుచుకోని యాప్‌లు నాలుగు. పట్టీ కట్టి బీపీ చూసే తీరిక ఎక్కడిది?

ఇక వాట్సాప్ వైద్యుల సంగతి. "బీపీ మాత్ర మొదలుపెడితే జీవితాంతం వదలదు, కిడ్నీలు కొడుతుంది" అని మా బంధువుల గ్రూపులో ఇప్పటికీ తిరుగుతుంది. కిడ్నీలు కొట్టేది అదుపు తప్పిన బీపీ అయ్యా! వెయ్యి రూపాయల పింక్ సాల్ట్ కొనేవాళ్ళు కూడా వీళ్ళే. ఏ రంగు ఉప్పైనా ఉప్పే. రోజుకి 5 గ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటే మనవాళ్ళు సగటున 8 గ్రాముల దాకా తింటున్నారు. అది దేశం సగటు. గుంటూరు వాళ్ళ జాడీలు కొలిచి ఉంటే లెక్క మారేది. మా ఇంట్లో ఇప్పుడు కూరలో ఉప్పు తగ్గించారు, ఆ వెలితి పూడ్చడానికి నాన్న ఆవకాయ వేసుకుంటున్నాడు. ఏం చెప్పమంటారు.

సిటీలో మనం ఏమన్నా తెలివైనవాళ్ళమా? మా ఆఫీసులో ఏడాదికోసారి అరవై పరీక్షల ప్యాకేజీ చేయిస్తారు. రంగుల ఫైలు వస్తుంది. ఎర్ర అక్షరాల్లో ఏముందో చూసి ఫైలు మూసేస్తాం. నాకూ పోయిన ఏడాది బీపీ పై అంకె 146 అని వచ్చింది. "ట్రాఫిక్‌లో వచ్చాను కదా" అనుకున్నాను. ఆ ముక్క రాయాలా వద్దా అని పది నిమిషాలు ఆలోచించాను. రాశాను. ఈ వారం వెళ్ళి చూపించుకుంటాను.

నాన్న ఇప్పుడు కర్ర పట్టుకుని అరుగు దాకా నడుస్తాడు. మాట చాలావరకు తిరిగొచ్చింది, కుడిచేత్తో మాత్రం ముద్ద కలపలేడు. మాత్రల బాధ్యత అమ్మ తీసుకుంది. వంటింట్లో తెలుగు క్యాలెండర్‌లో ఇన్నాళ్ళూ పాల లెక్క, గ్యాస్ బుకింగ్ రాసే గళ్ళలో ఇప్పుడు రోజూ ఒక "మా" రాస్తుంది. మాత్ర వేసుకున్నాడని గుర్తు. పోయిన నెల వెళ్ళినప్పుడు చూశాను. రెండు గళ్ళు ఖాళీ. అమ్మ పెళ్ళికని తెనాలి వెళ్ళిన రోజులవి. ఏంటి నాన్నా ఇది అన్నాను. క్యాలెండర్ వైపు ఓసారి, నా వైపు ఓసారి చూసి,

"ఆ రెండ్రోజులూ బాగానే ఉందిరా" అన్నాడు.