లిఫ్ట్ చేసినా టైరు ఎందుకు ఒరుసుకుంటోంది?

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ శాతం పికప్ ట్రక్కుల మీదే, అదీ లిఫ్ట్ చేయించి, అంటే సస్పెన్షన్ దగ్గర బండి ఎత్తు పెంచి, పెద్ద టైర్లు వేసుకున్నవాళ్లూ వేసుకుందామనుకుంటున్నవాళ్లూ రాసినవి. వాటిల్లోంచి నాలుగు తీసుకున్నా.

ప్రశ్న: సర్, నా పికప్‌కి ముందు 3 అంగుళాల లిఫ్ట్ చేయించి, కంపెనీ 265/70 ఆర్ 17 టైర్లు తీసేసి 285/70 ఆర్ 17 వేయించాను, రిమ్ములు కూడా మార్చాను. టైరు పైన రెండు చేతులు పట్టేంత ఖాళీ ఉంది. అయినా స్టీరింగ్ ఫుల్‌గా తిప్పి రివర్స్ చేస్తే వెనకవైపు లోపలి ప్లాస్టిక్‌కి బర్రుమని ఒరుసుకుంటోంది. ఇంకో 2 అంగుళాలు లిఫ్ట్ పెంచమంటున్నారు, పెంచమంటారా?

జవాబు: వద్దండి, అస్సలు పెంచొద్దు. లిఫ్ట్ చేస్తే టైరుకి పైన చోటు వస్తుంది, అంతే. ముందుకీ వెనక్కీ ఉన్న చోటు దాదాపు పాతదే. స్టీరింగ్ తిప్పినప్పుడు టైరు ముందు అంచు బంపర్ మూల వైపూ వెనక అంచు మడ్‌గార్డ్ లోపలి ప్లాస్టిక్ వైపూ వెళ్తుంది, ఆ ప్లాస్టిక్ వెనకాలే చాలా బండ్లలో బాడీని ఫ్రేముకి పట్టే మౌంట్ ఉంటుంది. మీకు తగులుతున్నది అక్కడే. రివర్స్‌లోనే ఎందుకు అంటే బ్రేక్ వేసినా రివర్స్ లాగినా, చక్రాన్ని ఫ్రేముకి పట్టే ఆర్ముల్లోని రబ్బరు బుష్షులు కాస్త కదిలి చక్రం కొన్ని మిల్లీమీటర్లు జరుగుతుంది, ఖాళీ అంత తక్కువగా ఉంటే ఆ కొంచెం చాలు.

నా అనుమానం టైరు మీద కంటే మీ కొత్త రిమ్ముల మీదే ఎక్కువ. 265/70 ఆర్ 17 అంటే వెడల్పు 265 మిల్లీమీటర్లు, టైరు పక్కగోడ ఎత్తు ఆ వెడల్పులో 70 శాతం, రిమ్ 17 అంగుళాలు. దాని మొత్తం ఎత్తు సుమారు 803 మిల్లీమీటర్లు, 285/70 ఆర్ 17 ఎత్తు 831, అంటే చుట్టూ పెరిగింది 14 మిల్లీమీటర్లే, వెడల్పు ఒక్కో వైపు 10. చాలా పికప్పుల్లో ఇది చిన్నచిన్న సర్దుబాట్లతో పట్టే సైజే. కానీ రిమ్ ఆఫ్‌సెట్ చూడండి, అంటే రిమ్ మధ్య గీత నుంచి అది హబ్‌కి బిగిసే చోటు ఎంత దూరంలో ఉందో చెప్పే నంబర్, అది తగ్గేకొద్దీ చక్రం బయటికొస్తుంది. ఉదాహరణకి పాత రిమ్ 8 అంగుళాల వెడల్పు, ఆఫ్‌సెట్ ప్లస్ 30 అనుకుందాం, కొత్తది 9 అంగుళాలు, ఆఫ్‌సెట్ సున్నా అయితే రిమ్ బయటి అంచు 40 మిల్లీమీటర్లకి పైనే బయటికొచ్చేస్తుంది. చూడ్డానికి బాగుంటుంది, ఒప్పుకుంటా. కానీ స్టీరింగ్ తిప్పితే చక్రం తిరిగేది పైనా కిందా దాన్ని పట్టే బాల్ జాయింట్లు (ఎటైనా తిరిగే కీళ్లు) కలిపే గీత చుట్టూ, ఆ గీత నుంచి టైరు ఎంత బయటికి జరిగితే స్టీరింగ్ తిప్పినప్పుడు అంత పెద్ద చుట్టు తిరుగుతుంది, ఆ చుట్టులో బంపరూ మౌంటూ వచ్చి అడ్డంపడతాయి. అందుకే లిఫ్ట్ ఎంత అని అడిగేముందు రిమ్ వెనకాల ఆఫ్‌సెట్ నంబర్ ఎంతో చూసుకోమని ఎవరికైనా చెప్తాను.

ముందు పాత రిమ్ములు ఉంటే ఒక్క టైరు దానికెక్కించి చూడండి. ఆ రిమ్ వెడల్పు ఈ టైరుకి సరిపోతుంది, కాకపోతే లోపల పై కంట్రోల్ ఆర్మ్‌కి తగలకుండా కనీసం వేలు దూరేంత ఖాళీ ఉందో లేదో చూసుకోవాలి. తర్వాత ఆ ప్లాస్టిక్ మీద నిగనిగలాడుతూ నున్నగా అరిగిన మచ్చ ఎక్కడుందో టార్చ్ వేసి చూడండి, సరిగ్గా అక్కడివరకే వేడిచేసి వెనక్కి నొక్కడమో కోయడమో చేస్తే చాలామందికి అక్కడితో అయిపోతుంది. కింది ఆర్మ్‌కి క్యామ్ బోల్టులు (తిప్పితే ఆర్మ్‌ని కొంచెం జరిపేవి) ఉన్న బండి అయితే అలైన్‌మెంట్‌లో చక్రాన్ని కొంచెం ముందుకి తెచ్చి పెట్టమని అడగొచ్చు. బాడీ మౌంట్ కోసి వెల్డింగ్ చేయించడం మాత్రం ఇవన్నీ అయ్యాకే, అదీ ఆ పని తెలిసిన వెల్డర్ చేతే.

ఇంకోటి, మీరు చెప్పిన రెండు చేతుల ఖాళీ బండి ఆగి ఉన్నప్పటిది. స్ట్రట్ (స్ప్రింగూ షాక్ అబ్సార్బరూ కలిసిన భాగం) పైన స్పేసర్ అనే దిమ్మ పెట్టి ఎత్తిన లిఫ్ట్ అయితే పెద్ద గుంతలో చక్రం పైకి లేచే ఎత్తు ఇంచుమించు బంప్‌స్టాపే (చక్రాన్ని పైన ఆపే రబ్బరు దిమ్మ) తేలుస్తుంది, లిఫ్ట్ కాదు. ముందు చక్రం ఒకదాన్ని ర్యాంప్ ఎక్కించి, స్టీరింగ్ రెండు వైపులా ఫుల్‌గా తిప్పుతూ పక్కన ఇంకొకరిని చూడమనండి. బండి ఆపి, హ్యాండ్‌బ్రేక్ వేశాకే టైరు దగ్గరికి చెయ్యి పోనివ్వాలి. అలా మెలితిప్పినప్పుడు తగలకపోతే నిశ్చింతగా తిరగొచ్చు.

ప్రశ్న: అదే 265/70 ఆర్ 17 నుంచి 35 అంగుళాల ఎత్తు టైర్లకి వెళ్లాను. మైలేజీ దారుణంగా పడిపోయింది, బండి లాగట్లేదు. స్పీడోమీటర్ కూడా తప్పు చూపిస్తోందా?

జవాబు: తప్పే చూపిస్తోంది. పాత టైరు 31.6 అంగుళాలు, కొత్తది 35, అంటే దాదాపు 11 శాతం పెద్దది. మీటర్ 100 చూపిస్తుంటే మీరు నిజానికి 110 దగ్గర పోతున్నారు, ఇది సరదా విషయం కాదు, పైగా బరువైన టైర్లతో బ్రేక్ వేశాక ఆగే దూరం కూడా పెరుగుతుంది. కిలోమీటర్లు కూడా తక్కువ లెక్కేస్తుంది కాబట్టి మీటర్‌లో 500 తిరిగినట్టుంటే నిజంగా తిరిగింది 550 దాకా ఉంటుంది, మీ మైలేజీ పడిపోయిన మాట నిజమే గానీ మీరు లెక్కేసినంత కాదు. 35 అని రాసున్న టైరు బరువు మీద పడ్డాక కచ్చితంగా 35 ఉండదు, అందుకే టైరు మీదా నేల మీదా సుద్దతో గీత గీసి, బండిని తిన్నగా ఒక చుట్టు నడిపించి నేల మీద దూరం కొలవండి, మీటర్ సరిచేయించేటప్పుడు ఆ కొలతే ఇవ్వండి.

లాగకపోవడానికి కారణం గేర్ రేషియో. మీ డిఫరెన్షియల్‌లో (ఇంజిన్ శక్తిని రెండు చక్రాలకీ పంచే గేర్ల పెట్టె) రేషియో 3.73 ఉంటే 4.10కి మారిస్తే పాత లాగుడు దాదాపు తిరిగొస్తుంది. ఫోర్ వీల్ డ్రైవ్ అయితే ముందూ వెనకా రెండూ మార్చాలి, ఒకటి మార్చి ఒకటి వదిలేస్తే ఫోర్ వీల్ వేసిన రోజే ట్రాన్స్‌ఫర్ కేస్ (ముందుకీ వెనక్కీ శక్తి పంచే పెట్టె) పోతుంది. ఖర్చు ఎక్కువే, అందుకే రోజూ రోడ్డు మీద తిరిగే బండికి 33 దగ్గర ఆగిపోండి అంటాను. 35 వేస్తే డిఫరెన్షియల్ కింద పెరిగే ఎత్తు 43 మిల్లీమీటర్లు, రాళ్లలో రోజూ తిరిగేవాళ్లకి అది బంగారం, మిగతావాళ్లకి ఊరికే బరువు.

ప్రశ్న: స్టెప్నీ పాత సైజే ఉంచుకోవచ్చా?

జవాబు: ఫోర్ వీల్ వేసి నడపనంటే, పంచర్ షాపు దాకా మెల్లగా వెళ్లడానికి పర్లేదు. వెనక చక్రాలకి పవర్ వెళ్లే బండిలో వెనక టైరు పంచరైతే ముందున్న పెద్ద టైరు వెనక్కి వేసి, చిన్న స్టెప్నీ ముందు వేయండి, అప్పుడు డిఫరెన్షియల్ మీద భారం పడదు. ఎప్పుడూ నాలుగు చక్రాలకీ పవర్ వెళ్లే బండి అయితే మాత్రం ఐదో టైరు కూడా అదే సైజు కొనాల్సిందే. కొనేముందు ట్రే కింద అది పడుతుందో లేదో టేపుతో కొలుచుకోండి, సైలెన్సర్ గొట్టం చాలాసార్లు అడ్డొస్తుంది.

ప్రశ్న: కొత్త ఎల్‌టీ టైరు మీద 80 పీఎస్ఐ అని ఉంది. అంత గాలి కొట్టాలా?

జవాబు: వద్దు. ఎల్‌టీ అంటే లైట్ ట్రక్, బరువులు మోసే గట్టి టైరు, పీఎస్ఐ గాలి ఒత్తిడి కొలత. ఆ 80 టైరు మోయగలిగే గరిష్ఠ బరువుకి కావాల్సిన గాలి. ఖాళీ పికప్‌కి అంత కొడితే ఎగిరెగిరి పడుతుంది, టైరు మధ్యలో అరిగిపోతుంది. అలాగని డోర్ స్టిక్కర్ మీదున్న పాత నంబరూ సరిపోదు, మామూలు టైరు మోసే బరువునే మోయాలంటే ఎల్‌టీ టైరుకి గాలి కాస్త ఎక్కువ కావాలి, టైరు కంపెనీ లోడ్ పట్టికలో మీ బరువుకి ఎంతో చూసి అక్కడ్నుంచి మొదలుపెట్టండి. లోడ్ ఇండెక్స్ (టైరు ఎంత బరువు మోస్తుందో చెప్పే నంబర్) పాతదానికంటే తగ్గకూడదు. లిఫ్ట్ కూడా చేయించారో లేదో మీరు రాయలేదు, చేయించి అలైన్‌మెంట్ చేయించకపోతే ఈ వారమే చేయించండి, క్యాస్టర్ (స్టీరింగ్‌ని తిన్నగా ఉంచే చక్రం వాలు) తగ్గితే హైవే మీద బండి అటూఇటూ ఊగుతుంది. కొత్త రిమ్ములు కూడా వేయించుకుని ఉంటే 80 నుంచి 100 కిలోమీటర్లు తిరిగాక చక్రాల నట్లు టార్క్ రెంచ్‌తో (ఎంత బిగువో కొలిచి బిగించే పానా) మళ్లీ బిగించుకోండి.